ప్రకృతి వనరుల సంరక్షణ చదువు: కళాశాల ఎంపికకు ముందే చూడవలసినవి

పరవాడ: ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, మరోవైపు జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ, ఇంకోవైపు బంగాళాఖాతం. ఈ మూడింటి నడుమ ఉన్న పరవాడ మండలంలో నేల, నీరు, గాలి గురించిన చర్చ తరగతి గదికి పరిమితమైనది కాదు. బూడిద చెరువు, బోరు నీటి నాణ్యత, సముద్రంలోకి వెళ్లే వ్యర్థ జలాల గొట్టం, తాడి గ్రామం తరలింపు వంటివి ఇక్కడి టీ దుకాణాల వద్ద ఏళ్ల తరబడి వినిపిస్తున్న మాటలే. ఇటువంటి చోట పెరిగి, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థికి ప్రకృతి వనరుల సంరక్షణపై ఆసక్తి కలగడం సహజం. అయితే ఆ ఆసక్తిని ఏ కళాశాలలో, ఏ డిగ్రీగా మార్చుకోవాలన్న ప్రశ్న వద్దే తల్లిదండ్రులు, విద్యార్థులు తికమకపడుతున్నారు.

దీనికి కారణం లేకపోలేదు. అమెరికా వంటి దేశాల్లో ప్రకృతి వనరుల సంరక్షణ పేరుతోనే బ్యాచిలర్ డిగ్రీ ఉంటుంది. మన దేశంలో ఆ చదువు ఒక్కచోట లేదు. అడవుల సంగతి ఫారెస్ట్రీలోను, నేల సంగతి వ్యవసాయ శాస్త్రంలోను, చేపలు, తీరప్రాంత జలాల సంగతి మత్స్యశాస్త్రంలోను, భూగర్భ జలాలు, ఖనిజాల సంగతి జియాలజీలోను, కాలుష్యం సంగతి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోను విడివిడిగా ఉన్నాయి. వీటిలో దేనిని పట్టుకుంటే ఏ ఉద్యోగానికి దారి తెరుచుకుంటుంది, ఏది మూసుకుపోతుంది అన్నది నియామక ప్రకటనల్లోని అర్హతల పేరా నిర్ణయిస్తుంది. కళాశాల భవనం, బస్సు సౌకర్యం, ఫీజు, కూడలిలోని హోర్డింగు వీటన్నిటికంటే ముందు చూడవలసినది ఆ పేరానే. విచిత్రమేమంటే చాలామంది దానిని డిగ్రీ పూర్తయ్యాకే తొలిసారి చదువుతున్నారు.

అర్హతల జాబితాలో కనిపించని సబ్జెక్టు

సంరక్షణ రంగంలో అత్యున్నత ప్రభుత్వ కొలువు భారత అటవీ సర్వీసు. దీనికి యూపీఎస్సీ పరీక్ష నిర్వహిస్తుంది. 2013 నుంచి సివిల్ సర్వీసుల ప్రిలిమినరీ పరీక్షే దీనికీ తొలి వడపోతగా ఉంటోంది. దేశమంతటికీ కలిపి ఇటీవలి సంవత్సరాల్లో ఒక్కో ప్రకటనలో దాదాపు 150 పోస్టులు వెలువడ్డాయి. దీనికి ఏ డిగ్రీ అయినా సరిపోదు. పశుసంవర్ధక, పశువైద్య శాస్త్రం, బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ, మేథమెటిక్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, జువాలజీ వీటిలో కనీసం ఒక సబ్జెక్టుతో డిగ్రీ ఉండాలి. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఒక దానిలో పట్టా పొంది ఉండాలి.

ఈ జాబితాను మరొక్కసారి చదివితే ఒక లోటు స్పష్టమవుతుంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు ఇందులో లేదు. పర్యావరణాన్ని కాపాడే ఉద్యోగానికి పర్యావరణ శాస్త్రం చదివినవారు, ఆ ఒక్క సబ్జెక్టు ఆధారంగా దరఖాస్తు చేయలేరన్న మాట. ఇది వింతగా తోచినా నిబంధన నిబంధనే. డిగ్రీ స్థాయిలో పర్యావరణ శాస్త్రాన్ని ప్రధానాంశంగా ఎంచుకునే విద్యార్థికి ఈ సంగతి ప్రవేశ సమయంలోనే చెప్పేవారు అరుదు.

రాష్ట్ర స్థాయిలో పరిస్థితి కొంత ఉదారంగా ఉంది. ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేసే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టుల అర్హతల్లో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, ఫారెస్ట్రీ, వ్యవసాయం, హార్టికల్చర్ వంటి వాటితో పాటు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కూడా ఉంది. అంటే ఒకే పట్టాతో రాష్ట్ర సర్వీసు తలుపు తెరుచుకుంటుంది, కేంద్ర సర్వీసు తలుపు తెరుచుకోదు. కింది స్థాయి పోస్టులకు ఇంతటి చిక్కు లేదు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఇంటర్మీడియట్ చాలు. 2025లో ఏపీపీఎస్సీ బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులు కలిపి 691, సెక్షన్ ఆఫీసర్ పోస్టులు 100 ప్రకటించింది. డిగ్రీ చదువుతూనే బీట్ ఆఫీసర్ పోస్టుకు ప్రయత్నించడంలో తప్పు లేదు. శాఖలో అడుగుపెట్టాక పై మెట్టుకు మార్గం ఉంటుంది.

అటవీ ఉద్యోగాలకు రాతపరీక్ష ఒక్కటే సరిపోదన్నదీ గుర్తుంచుకోవాలి. భారత అటవీ సర్వీసుకు పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. పరవాడ నుంచి గాజువాకకు వెళ్లడానికి ఆటో కోసం ఎదురుచూసే అలవాటున్న యువత ఈ అంశాన్ని తేలికగా తీసుకోరాదు.

సింగిల్ మేజర్ తెచ్చిన చిక్కు

ఒకప్పుడు బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టుల సమాహారం. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవారికి మూడు సబ్జెక్టుల అర్హతా దక్కేది. వాటిలో ఒకదాని స్థానంలో పర్యావరణ శాస్త్రం తీసుకున్నా మిగిలిన రెండూ ఆదుకునేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఒక మేజర్, ఒక మైనర్ ఉండే విధానం వచ్చింది. డిగ్రీ పట్టాపై ప్రధానంగా కనిపించేది మేజర్ పేరే. మైనర్‌గా చదివిన సబ్జెక్టును నియామక సంస్థ పూర్తి అర్హతగా పరిగణిస్తుందా లేదా అన్నది ఆ సంస్థ వ్యాఖ్యానంపై ఆధారపడుతుంది. సందేహానికి తావిచ్చే పట్టాతో పరీక్ష హాలు దాకా వెళ్లి, ధ్రువపత్రాల పరిశీలనలో వెనుదిరగడం కంటే నష్టం మరొకటి ఉండదు.

అందువల్ల డిగ్రీ కళాశాలలో చేరదలచిన విద్యార్థికి సురక్షితమైన మార్గం ఒకటే. బోటనీ, జువాలజీ, జియాలజీ, కెమిస్ట్రీలలో ఒకదానిని మేజర్‌గా తీసుకుని, పర్యావరణ శాస్త్రాన్ని మైనర్‌గా పెట్టుకోవడం. ఆ తరువాత పీజీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ వైపు వెళ్లవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆ విభాగం ఉంది. ఇదే క్రమాన్ని తలకిందులు చేసి, పర్యావరణాన్ని మేజర్‌గా, బోటనీని మైనర్‌గా తీసుకుంటే చదువు దాదాపు అదే అయినా అర్హత వేరైపోతుంది. కాంబినేషన్లు, నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతున్నాయి. కనుక ఉన్నత విద్యా మండలి ఆ సంవత్సరానికి ఇచ్చిన ప్రకటన చూడకుండా సీనియర్ల మాటపై ఆధారపడటం మంచిది కాదు.

ప్రవేశాల విషయానికి వస్తే, 2020 నుంచి డిగ్రీ కళాశాలల సీట్లు ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ విధానంలోనే భర్తీ అవుతున్నాయి. విద్యార్థి ఇచ్చిన ఐచ్ఛికాల వరుసే ఇందులో కీలకం. అనకాపల్లిలోని ఏఎంఏఎల్ కళాశాల, విశాఖపట్నంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ఏవీఎన్ కళాశాల, డాక్టర్ లంకపల్లి బుల్లయ్య కళాశాల వంటివి పరవాడ విద్యార్థులకు బస్సులో వెళ్లి రాగలిగిన దూరంలోనే ఉన్నాయి. కళాశాల పేరుతో పాటు దాని ఎదుట ఏ మేజర్ ఉందో చూసి ఐచ్ఛికం ఇవ్వాలి. పేరున్న కళాశాలలో సీటు కావాలన్న ఆత్రుతతో చివరి ఐచ్ఛికంగా కంప్యూటర్ కోర్సు పెట్టి, అదే కేటాయింపు కావడంతో బోటనీ కల చెదిరిపోయే అవకాశం లేకపోలేదు. ఇష్టం లేని కోర్సును జాబితాలో అసలు పెట్టకపోవడమే ఉత్తమం.

ఫారెస్ట్రీ చదవాలంటే ఎక్కడికి?

సంరక్షణ చదువుల్లో అన్నిటికంటే సూటిగా ఉన్నది నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ. తెలుగునాట దీనికి పేరొందినది తెలంగాణలోని సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ. 2016లో మొదలైన ఈ కళాశాల తొలుత హైదరాబాద్ శివారులోని దూలపల్లిలో నడిచింది. 2019 డిసెంబరులో ములుగులో సొంత ప్రాంగణం ప్రారంభమైంది. సమ్మక్క సారలమ్మ జాతరతో పేరున్న ములుగు జిల్లాకు, ఈ ములుగుకు సంబంధం లేదు. ఇది హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న మండల కేంద్రం.

ఆ స్థాయి ప్రభుత్వ ఫారెస్ట్రీ కళాశాల ఆంధ్రప్రదేశ్‌లో లేదు. రాజమహేంద్రవరంలో అటవీ అకాడమీ ఉన్నా, అది ఉద్యోగంలో చేరిన సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థ మాత్రమే. ఇంటర్ పూర్తిచేసిన వారికి అక్కడ డిగ్రీ ఇవ్వరు.

ఇక్కడే పరవాడ విద్యార్థికి మరో అవరోధం ఎదురవుతుంది. రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల మధ్య పాత ప్రవేశ కోటాలు పదేళ్ల పాటు కొనసాగాయి. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం స్థానికత నిబంధనలను సవరించి, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులూ పోటీపడిన 15 శాతం సీట్లను తెలంగాణతో నిర్దిష్ట సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది. కాబట్టి అనకాపల్లి జిల్లా విద్యార్థి ములుగు కళాశాలను మొదటి ఆశగా పెట్టుకోవడం వివేకం కాదు. రెండేళ్లు హైదరాబాద్‌లోని కార్పొరేట్ కళాశాలలో ఇంటర్ చదివినంత మాత్రాన అక్కడి స్థానికత రాదన్నది కూడా కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా గ్రహిస్తున్నారు.

మరి మార్గం ఏమిటి? దేశంలోని రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తమ సీట్లలో కొంత భాగాన్ని భారత వ్యవసాయ పరిశోధనా మండలి, అంటే ఐసీఏఆర్ ద్వారా అఖిల భారత స్థాయిలో భర్తీ చేస్తాయి. 2023 నుంచి ఈ సీట్లకు ప్రత్యేక పరీక్ష లేదు. సీయూఈటీ ర్యాంకుతోనే కౌన్సెలింగ్ జరుగుతోంది. ఈ పరీక్షను తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఫారెస్ట్రీకి బైపీసీతో పాటు ఎంపీసీ విద్యార్థులూ పోటీపడవచ్చన్నది పెద్దగా ప్రచారం లేని విషయం. ఏ సబ్జెక్టు పేపర్లు ఎంచుకోవాలో మాత్రం ఆ ఏటి సమాచార పత్రం చూసుకోవాలి.

ఈ మార్గంలో విశాఖ ప్రాంతానికి దగ్గరగా ఉన్నది భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫారెస్ట్రీ కళాశాల. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరుకోవచ్చు. పైగా అక్కడి పాఠాల్లో తూర్పు కనుమలు, మడ అడవులు, తుపాన్ల తీరం మనకూ వర్తించేవే. తమిళనాడులోని మెట్టుపాళయం కళాశాల ఈ రంగంలో పాతది, పేరున్నది. కర్ణాటకలో సిర్సి, పొన్నంపేట కళాశాలలు, కేరళలో త్రిస్సూరు సమీపంలోని వెల్లానిక్కర కళాశాల పశ్చిమ కనుమల ఒడిలో ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ వద్ద నౌణిలో 1985లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్. పర్మార్ విశ్వవిద్యాలయం ఉద్యాన, అటవీ విద్యకే ప్రత్యేకించినది. సొంత రాష్ట్రం వెలుపల ఐసీఏఆర్ సీటు పొందిన వారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ లభిస్తుంది. మరోవైపు, ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ఆశ పెట్టుకుని పొరుగు రాష్ట్రానికి వెళ్లడం ప్రమాదకరం. వర్తిస్తుందో లేదో సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతే సీటు ఖరారు చేసుకోవాలి.

డెహ్రాడూన్ పేరు కూడా తరచుగా వినిపిస్తుంది. అక్కడి అటవీ పరిశోధనా సంస్థ, భారత వన్యప్రాణి సంస్థలు దేశంలో ఎంతో గౌరవం పొందినవి. కానీ అవి పీజీ, పరిశోధన స్థాయి చదువులకే. భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థ కూడా అంతే. ఇంటర్ తరువాత నేరుగా వాటిలో సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, అది మోసమేనని నిశ్చయించుకోవచ్చు.

పొలం, సముద్రం కూడా వనరులే

సంరక్షణ అంటే అడవి ఒక్కటే అనుకోవడం పట్టణ వాసన. పరవాడ మండలంలో ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలున్నాయి. అక్కడి విద్యార్థికి నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ కంటే దగ్గరి చదువు మరొకటి ఉండదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల చాలా ఏళ్లుగా ఉంది. 2020లో చేసిన చట్టంతో రాష్ట్రానికి ప్రత్యేక మత్స్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. రొయ్యల చెరువుల వ్యాపారానికే ఈ చదువు అన్న అభిప్రాయం సరికాదు. చేపల నిల్వల అంచనా, నీటి నాణ్యత, తీరప్రాంత జీవజాలం కూడా ఇందులో భాగమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, భారత మత్స్య సర్వే సంస్థ స్థావరం మూడూ విశాఖపట్నంలోనే ఉండటం ఈ ప్రాంత విద్యార్థులకు కలిసివచ్చే అంశం.

వ్యవసాయ డిగ్రీకి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో శ్రీకాకుళం జిల్లా నైరలోని కళాశాల ఉత్తరాంధ్రకు సమీపం. నేల, నీటి సంరక్షణపై ఇంజినీరింగ్ కోణంలో ఆసక్తి ఉన్న ఎంపీసీ విద్యార్థులకు బాపట్ల, మడకశిరల్లోని వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వీటన్నిటికీ ఏపీ ఈఏపీసెట్ ర్యాంకే ప్రాతిపదిక. వ్యవసాయ డిగ్రీకి మరో లాభం ఏమంటే, అది భారత అటవీ సర్వీసు అర్హతల్లోనూ ఉంది, వ్యవసాయాధికారి పోస్టులకూ పనికివస్తుంది. ఒక దారి మూసుకుపోయినా మరొకటి మిగులుతుంది.

ఈ సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దీనికి భూమి పత్రాలు, గ్రామీణ ప్రాంతంలో చదివినట్లు ధ్రువపత్రాలు కావాలి. పరవాడలో సమస్య ఇక్కడే. విద్యుత్ కేంద్రానికి, ఫార్మాసిటీకి భూములిచ్చిన కుటుంబాలు తాతల నాటి నుంచి రైతులే అయినా, నేడు వారి పేరిట పట్టాదారు పాసు పుస్తకం ఉండకపోవచ్చు. మండలంలోని కొన్ని గ్రామాలు మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో చేరినందున అక్కడి బడిలో చదివిన సంవత్సరాలు గ్రామీణ చదువుగా లెక్కకు వస్తాయా అన్నదీ చూసుకోవాలి. భూమి కోల్పోయినందువల్ల రైతు కోటా కూడా కోల్పోవడం న్యాయమా అన్న చర్చ వేరు. ఈ ఏడాది దరఖాస్తు చేసేవారు మాత్రం రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరగవలసిన పనిని కౌన్సెలింగ్‌కు ముందే ముగించుకోవాలి.

ఫార్మాసిటీలో కొలువు ఆశించేవారికి

ఇంటికి దగ్గరలోనే పరిశ్రమలు ఉన్నందున వాటి పర్యావరణ విభాగాల్లో ఉద్యోగం వస్తుందన్న ఆశ సహజం. 2020 మే 7న విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన తరువాత, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో పేలుడు 17 మందిని బలిగొన్న తరువాత భద్రత, పర్యావరణ నిపుణుల అవసరం గురించి చర్చ పెరిగింది. కాని ఈ విభాగాల్లో ఏ డిగ్రీకి ఎక్కడ స్థానం ఉందో తెలుసుకోవాలి.

కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టు ఇంజినీరింగ్ పట్టభద్రులకే. బీఎస్సీ వారు ఎంత పర్యావరణం చదివినా దానికి అర్హులు కారు. ఆ కొలువే లక్ష్యమైతే సివిల్, కెమికల్, మెకానికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లలో ఒకటి చదవాలి. ఔషధ కర్మాగారాల్లో వ్యర్థ జలాల శుద్ధి, ప్రయోగశాల పరీక్షల పనికి కెమిస్ట్రీ పునాది ఉన్నవారికే మొగ్గు ఉంటుంది. భద్రత విభాగానికి పారిశ్రామిక భద్రతలో డిప్లొమా అదనంగా అడుగుతారు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థల్లో పని చేయాలంటే పీజీ లేకుండా ముందుకు వెళ్లడం కష్టం. విద్యుత్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న ఉత్తర్వులిచ్చింది. మొత్తం 2000 మెగావాట్ల సామర్థ్యం గల సింహాద్రి వంటి కేంద్రానికి ఇది చిన్న పని కాదు. బూడిద ఇటుకలు, రహదారి నిర్మాణం, నేల పరీక్షలు ఇవన్నీ జియాలజీ, కెమిస్ట్రీ, సివిల్ ఇంజినీరింగ్ తెలిసినవారికి దొరికే పనులు.

జీతం లెక్కలకు అతీతంగా మరో అవసరం కూడా ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలు చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. సభ రోజున ఆగ్రహం వ్యక్తం చేసేవారికి కొదవ ఉండదు. వందల పేజీల నివేదికలో భూగర్భ జలాల పట్టిక ఎక్కడుందో వెతికి, అందులోని నమూనాలు ఏ ఊరి బావి నుంచి, ఏ నెలలో తీశారని అడిగేవారే తక్కువ. గ్రామానికి ఒక్కరైనా అటువంటి పట్టభద్రులు ఉంటే ఆ సభల తీరే మారిపోతుంది.

ప్రాంగణంలో అడగవలసిన ప్రశ్నలు

కళాశాలను చూడటానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కంటే ప్రయోగశాలలో ఎక్కువ సేపు గడపడం మేలు. బోటనీ విభాగంలో ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నమూనాలు ఉన్నాయా, వాటిపై తేదీలు ఇటీవలివా, పాతికేళ్ల నాటివా అన్నది చూస్తే ఆ విభాగం ప్రాణంతో ఉందో లేదో తెలిసిపోతుంది. నీటి పరీక్షల పరికరాలు పెట్టెల్లోనే ఉన్నాయా, వాడుతున్నారా అన్నది విద్యార్థులనే అడగాలి. శాశ్వత అధ్యాపకులు ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు అన్నదీ తెలుసుకోవాలి.

క్షేత్ర పర్యటనల సంగతి మరీ ముఖ్యం. అచ్యుతాపురం సమీపంలోని కొండకర్ల ఆవ రాష్ట్రంలో కొల్లేరు తరువాత రెండో పెద్ద మంచినీటి సరస్సు. విశాఖ అంచునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తీరం పొడవునా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలు, కాకినాడ వద్ద కోరింగ మడ అడవులు ఉన్నాయి. ఇన్ని పాఠాలు చుట్టూ పరచుకుని ఉన్నా మూడేళ్లలో ఒక్కసారి జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లి క్షేత్ర పర్యటన అనిపించే కళాశాల ఎంత పేరున్నదైనా ఈ చదువుకు తగినది కాదు. 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అయితే కొన్నిచోట్ల అది ధ్రువపత్రం తెచ్చుకోవడంతో ముగుస్తోందన్న విమర్శ ఉంది. గత ఏడాది విద్యార్థులు ఏ సంస్థలో, ఎన్ని రోజులు, ఏ పని చేశారో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో వ్యవసాయం, ఫారెస్ట్రీ కోర్సుల్లో చేరేవారు ఆ కోర్సుకు ఐసీఏఆర్ గుర్తింపు ఉందా అన్నది తప్పక చూడాలి. విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉన్నంత మాత్రాన ఐసీఏఆర్ గుర్తింపు ఉన్నట్లు కాదు. రెండూ వేర్వేరు. న్యాక్ గ్రేడు మూడోది. ప్రకటనల్లో ఈ మూడింటినీ కలగలిపి రాయడం పరిపాటిగా మారింది. గుర్తింపు పత్రం కాలపరిమితి ఎప్పటితో ముగుస్తుందో కూడా అడగాలి. దరఖాస్తు పెట్టుకున్నాం, రేపోమాపో వస్తుంది అన్న సమాధానం వస్తే ఆ కళాశాలను పక్కన పెట్టవచ్చు.

దరఖాస్తుల క్రమం విషయంలో పరవాడ ప్రాంత విద్యార్థులు ఎక్కువగా నష్టపోతున్నది సీయూఈటీ వద్దనే. డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాలు ఇంటర్ ఫలితాల తరువాత మొదలవుతాయి. ఈఏపీసెట్‌కు కళాశాలలే గుర్తుచేస్తాయి. సీయూఈటీ దరఖాస్తు గడువు మాత్రం ఇంటర్ ఫలితాలు వెలువడక ముందే ముగిసిపోతుంది. దానిని గుర్తుచేసేవారు జూనియర్ కళాశాలల్లో తక్కువ. భువనేశ్వర్‌లోనో, మెట్టుపాళయంలోనో ఫారెస్ట్రీ చదవాలనుకునే ద్వితీయ సంవత్సర విద్యార్థి సంక్రాంతి సెలవుల నుంచే జాతీయ పరీక్షల సంస్థ వెబ్‌సైట్‌ను వారానికొకసారి చూస్తుండాలి. దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల జాబితాతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు వేరుగా ఉన్నవారు ముందుగా మీసేవ కేంద్రానికో, ఆధార్ కేంద్రానికో వెళ్లి సరిచేయించుకోవాలి. ఆ సవరణకే కొన్ని వారాలు పట్టవచ్చు.